బూట్లు, ఒక జత

మా మనవరాలు ఈ ఏడు లా కాలేజీలో చేరింది. మొన్న ఆదివారం భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం నా ఒళ్లో పడేసి, ఇందులోని ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ అడుగు అమ్మమ్మా, అర్థాలు నేను చెబుతాను అంది. కళ్లజోడు సవరించుకుని చూద్దును కదా, అన్నీ కోర్టు మాటలే: ప్లెయింటిఫ్, డిఫెండెంట్, హియరింగ్, ఎడ్జర్న్‌మెంట్, ఎవిడెన్స్. అది తడుముకునేలోగా నేనే వరసపెట్టి అర్థాలు చెప్పేస్తుంటే పిల్ల నోరెళ్లబెట్టింది. బతుకంతా ఇంజెక్షన్లు చేసి, కట్లు కట్టి రిటైరైన నర్సుకి ఈ మాటలతో ఏం పని అని దాని ఆశ్చర్యం.

ఆ మాటలు నేను నేర్చింది సౌదీలో. సౌదీ అనగానే మన వాళ్లకి ఇసకా ఎండా తప్ప మరొకటి తోచదు గాని, నేను పద్నాలుగేళ్లు పనిచేసిన అభా కొండల మీది ఊరు, పొద్దున డ్యూటీకి వెళుతుంటే మంచు మొహానికి కొట్టేది, స్వెట్టరు లేకుండా గడప దాటిన రోజు నాకు గుర్తులేదు. మేము కోస్తా నుంచి వెళ్లిన నర్సులం నలుగురైదుగురం ఉండేవాళ్లం. ఏ పేషెంటుకైనా తెలుగు తప్ప ఇంకోటి సరిగా రాదని తెలిస్తే చాలు, ఏ అంతస్తులో ఉన్నా నాకు కబురొచ్చేది. అన్నట్టు, అప్పట్లో నాకో చాదస్తం ఉండేది. కొత్త పేషెంటు చేరగానే అతని ఒంటిమీద ఉన్నవీ, జేబులో ఉన్నవీ ఒక్కొక్కటీ రిజిస్టరులో రాసి, వాటిని తీసుకెళ్లడానికి ఎవరొచ్చినా సంతకం పెట్టించేదాన్ని. ఒకసారి ఎవరిదో గడియారం పోయిందని వార్డంతా నన్నే అనుమానంగా చూసినప్పటి నుంచి పట్టుకున్న అలవాటది. చినిగిన చొక్కాకి కూడా సంతకమా అని తోటి నర్సులు ఆటపట్టించేవాళ్లు, నేను వినిపించుకునేదాన్ని కాదు.

నితాఖాత్ అంటూ కంపెనీలకి ప్రభుత్వం రంగులు వేసిన కాలమది. సొంత దేశస్తులకి తగినన్ని ఉద్యోగాలిస్తే కంపెనీ పచ్చ, ఇవ్వకపోతే ఎరుపు. ఎరుపులో పడితే పనివాళ్ల ఇకామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులు, మళ్లీ కొత్తవి రావు. దాని వెనకే ఒక్కొక్క పరదేశి తల మీదా లెవీ అని పన్ను వేశారు. మన తరం గల్ఫు వాళ్లకి ఆ రెండు మాటలు వింటే ఇప్పటికీ గుండెల్లో రాయి పడుతుంది.

అలాంటి రోజుల్లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రీ, పరంజా మీంచి పడి కాలు విరిగి మా వార్డుకి వచ్చాడు. మొదటి రోజే అక్కా అన్నాడు, నేను తమ్ముడూ అన్నాను, ఆ వరసే నిలిచిపోయింది. మర్నాడు వాళ్ల కంపెనీ కాగితాల పనులు చూసే మందూబ్ వచ్చి పలకరించి వెళ్లాడు. ఆ తర్వాత మూడు వారాలపాటు ఒక్క పురుగు తొంగి చూడలేదు. తీరా డిశ్చార్జి కాగితాలు సిద్ధం చేస్తూ ఇకామా నంబరు కొడితే కంప్యూటరులో హురూబ్ అని వచ్చింది. పనివాడు చెప్పకుండా పారిపోయాడని కంపెనీ పెట్టిన ఫిర్యాదు. ఎరుపులో పడ్డ కంపెనీకి, మంచాన పడ్డ మనిషిని వదిలించుకోవడానికి అంతకంటే సులువైన దారి కనబడలేదు కాబోలు.

ఆ మాట పేరు పక్కన ఉన్న మనిషిని బయట పోలీసులు పట్టుకుంటే తిన్నగా జైలుకి, అక్కడి నుంచి విమానానికి, మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టే మాటుండదు. అసలు ఎరుపు కంపెనీ పనివాళ్లు కఫీలు, అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని, అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారవచ్చు, తమ్ముడిని తీసుకోవడానికి మా ఆసుపత్రి మరమ్మతులు చూసే చిన్న కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు కూడా. హురూబ్ పోతేనే ఆ తలుపు తెరుచుకునేది. కాని తమ్ముడి బాధ అది కాదు.

"గీ కాలుతోని ఏడికి ఉరుకుతనక్కా? పారిపోయినోడంటే మా ఊర్ల నా బిడ్డలు తలెత్తుకుంటరా?" అని పిండికట్టు చూపించి పసివాడిలా ఏడ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుతో చెప్పి డిశ్చార్జి ఆపించి, లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టించాను.

అక్కడ ఉర్దూ తెలిసిన అనువాదకుడు సెలవులో ఉన్నాడు, ఉన్నాయన ఇంగ్లీషునే అరబ్బీలోకి చెబుతాడు. అంటే తమ్ముడి తెలుగును నేను ఇంగ్లీషులో చెప్పాలి. నాకొచ్చిన ఇంగ్లీషంతా రక్తపోటు, జ్వరం, మోతాదులే. ఆసుపత్రి లైబ్రరీలో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల పుస్తకం ఒకటి దొరికితే, అందులో కోర్టు మాటలున్న పాఠాన్ని జేబు పుస్తకంలోకి ఎక్కించుకుని, టీ తాగుతూ, దుప్పట్లు మారుస్తూ వల్లె వేశాను. తమ్ముడికీ రెండు మూడు నేర్పాను. ప్లెయింటిఫ్ అంటే అన్యాయం జరిగిందని న్యాయం అడిగేవాడు, అది నువ్వే అని చెప్పాను.

"అంటే నేను ముద్దాయిని కాదా అక్కా? అడిగేటోన్ని నేనేనా?" అన్నాడు. ఆ రోజు నుంచి చేతికర్ర మీద నడిచినా నడుం నిటారుగా పెట్టి నడిచాడు.

మొదటి హియరింగుకి సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టి, పైన అబాయా తొడుక్కుని వెళ్లాను. నేర్చిన మాట ఒక్కటి వదలకుండా గడగడా చెప్పేశాను. అధికారి పెద్దమనిషి, ఓపిగ్గా విన్నాడు, విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఈయన ఆసుపత్రిలో ఉన్నట్టు కంపెనీకి తెలుసుననడానికి మీ దగ్గర ఏ కాగితం ఉంది? కంపెనీ తరఫున వచ్చిన మందూబ్ పనివాళ్ల హాజరు పట్టీ, తను సంతకం చేసిన హురూబ్ ఫిర్యాదు ముందు పెట్టి, ఏ ఆసుపత్రి అనేది తమకు తెలియనే తెలియదని, ఫిర్యాదు మీద తేదీ వేసిన ఆ సోమవారం నుంచి మనిషి జాడ లేదని నింపాదిగా చెప్పాడు. నా వార్డుకి వచ్చి నా ఎదుట నిలబడ్డ మనిషి! నా దగ్గర ఎవిడెన్స్ అనే మాట ఉంది గాని ఎవిడెన్స్ లేదు. పది రోజులు వాయిదా వేశారు. బయటికొస్తుంటే మందూబ్ నవ్విన నవ్వుకి సిగ్గుతో చచ్చిపోయాను.

వాయిదా పడ్డ నాలుగో రోజు ఉదయం మా వార్డులో పేషెంటుగా ఒక డ్రైవరు చేరాడు. మామూలుగా రిజిస్టరు తెరిచి, చేతిగడియారం ఒకటి, చెప్పులు ఒక జత అని రాస్తుంటే నా పెన్ను ఆగిపోయింది. ఓరి దేవుడా, అనుకున్నాను పైకే! డ్రైవరు తనకేదో పెద్ద రోగం అనుకుని బెదిరిపోయాడు. పాత రిజిస్టరు లాగి చూస్తే నా చేతిరాతే: బూట్లు, ఒక జత, సిమెంటు అంటినవి, ఇకామా ఒకటి, తోలు పర్సు ఒకటి. ఇకామా రెన్యువల్ చేయించాలని, సామాను క్యాంపులో పెడతానని మందూబ్ అవి తీసుకెళ్లడం, మురికి బూట్లకి సంతకమేమిటని అతను విసుక్కుంటే పెట్టేదాకా నేను కదలనివ్వకపోవడం అంతా కళ్లకు కట్టింది. అతని సంతకం పక్కన తేదీ చూశాను. అదే సోమవారం.

అన్ని కోర్టు మాటలు బట్టీ పట్టినదాన్ని, నా చేత్తో నేను రాసిన ముక్క మరిచిపోయానని నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో చెప్పలేను. తమ్ముడి చేతే అర్జీ పెట్టించి, ఆ పేజీకి ఆసుపత్రి ముద్రతో నకలు తీయించాం.

రెండో హియరింగులో నేను ఒక్క పెద్ద మాటా వాడలేదు. కాగితం బల్ల మీద పెట్టి, వార్డులో డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పినట్టు చెప్పాను: ఆదివారం పడ్డాడు, సోమవారం ఈయన వచ్చారు, ఇవి తీసుకున్నారు, ఇక్కడ సంతకం చేశారు. అధికారి రిజిస్టరు నకలు ఒక చేత్తో, హురూబ్ ఫిర్యాదు ఇంకో చేత్తో పట్టుకుని రెండు సంతకాలూ చూశాడు. ఒకే చేయి, ఒకే తేదీ. మందూబ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు మా తమ్ముడు కర్ర మీద లేచి, మనసులో ఎప్పటి నుంచి దాచుకున్నాడో, ఉన్నట్టుండి అడిగాడు.

"సారూ, మరి నా బూట్లేడ వెట్టిండ్రు?"

నేను ఇంగ్లీషులో చెప్పాను, అనువాదకుడు అరబ్బీలో చెప్పాడు, అధికారి పగలబడి నవ్వాడు. హురూబ్ కొట్టేశారు. కంపెనీ మారడానికి అనుమతి రాసిచ్చారు. ఇకామాతోపాటు ఆ బూట్లు కూడా వారంలోగా తెచ్చివ్వాలని అధికారి చెబితే మందూబ్ తలూపాడు. మెట్లు దిగేటప్పుడు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. యుద్ధం గెలిచినట్టే ఉంది, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, నాకు ఇష్టం లేని పుదీనా టీ కూడా రెండు గ్లాసులు తాగాను. తమ్ముడు ఇంటికి ఫోను చేసి, నేను ప్లెయింటిఫ్‌ని, గెలిచిన అని అరుస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. మరుసటి ఏడు అతను దర్జాగా సెలవు మీద ఊరికి వెళ్లి, తిరిగి వచ్చాడు, ఆ బూట్లతోనే.

ఇప్పుడు అక్కడ అన్నీ ఫోనులోనే అయిపోతున్నాయట. ఫిర్యాదు ఫోనులో, హియరింగ్ ఫోనులో, అనువాదం కూడా ఫోనే చేసి పెడుతుందట. మంచిదే, సెలవు పెట్టి కొండ దిగి వెళ్లక్కర్లేదు. వార్డుల్లో రిజిస్టర్లు పోయి కంప్యూటరు తెరలొచ్చాయని అక్కడే ఉన్న నర్సమ్మాయి ఒకతి చెప్పింది. తెలుగు పేషెంటు వచ్చాడు, ఆ అక్కని పిలవండి అనే కేక ఆ వరండాల్లో ఇక వినబడదు కాబోలు. ఆ కేక కోసం నా చెవులు ఇప్పటికీ ఎదురుచూస్తాయి, ఎందుకు దాచాలి.

మనవరాలు నోటు పుస్తకంలో ఎవిడెన్స్‌కి ఎదురుగా పాఠంలోని అర్థం రెండు వరసల్లో చక్కగా రాసుకుంది. తప్పేమీ లేదు. అది మంచినీళ్లకి లేచి వెళ్లినప్పుడు, పెన్సిలు తీసుకుని ఆ పక్కనే చిన్నగా రాశాను: బూట్లు, ఒక జత.