గోల్కొండకు పోయే సొరంగం

మా మామ, అంటే మా ఆయన తండ్రి, గొర్రెలు కాసేవాడు. కానీ ఆయనకు అసలు ఇష్టమైన పని కోట చూపించడం. మా ఊరు తాండూరుకూ బషీరాబాద్‌కూ నడుమ ఉంటుంది. ఊరి పక్క గుట్ట మీద కూలిపోయిన పాత కోట ఉంది. తాండూరులో రైలు దిగి, బండి కట్టించుకుని పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు చూడటానికి వచ్చేవారు. మామ గొర్రెలను నాకు అప్పగించి వాళ్ల ముందు నడిచేవాడు. జొన్నలు పోసుకున్న పాతర ఆయన నోట రాణిగారి స్నానాల గది అయ్యేది. గోరంతను కొండంత చేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఎండలో మాడేది నేను గనక నాకు ఒళ్లు మండేది.

అన్నిటికన్నా చివర సొరంగం. బురుజు కింద వంగి దూరాల్సిన కంత.

"గిది సీదా గోల్కొండకు పోతది సాబ్. మా తాత గొర్రెపిల్ల మెడకు గంట కట్టి గిందులకు తోలిండు. అది గోల్కొండల తేలింది."

వచ్చినవాళ్లు గంట వినబడుతుందేమోనని కంతకు చెవి పెట్టేవారు. వాళ్ల ఆడవాళ్లకు గాజులు అమ్ముకోవడానికి మా ఊరి గాజులామె అక్కడే గాజుల మలారం విప్పుకుని కూర్చునేది. సాయెబుల ఇంటి మనిషి, ఒంటరిది. మామను అన్నా అని పిలిచేది. ఆ కథను ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేది. తన ఒక్క బిడ్డను పెళ్లి చేసి ఇచ్చింది గోల్కొండలోనే మరి.

నలభై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో నిజాం రాజ్యం పోయింది. మిలట్రీ వచ్చిందన్నారు. ఆ సందులో సాయెబుల ఇళ్ల మీద దోపిడిగాళ్లు పడుతున్నారన్నారు. సాయంత్రమైతే దూరపు ఊళ్ల మీద పొగ కనబడేది. ఒక పొద్దున గాజులామె తలుపు మీద ఎవరో దోపిడిగాళ్లకు గుర్తుగా సున్నంతో గీత గీసిపోయారు. మా ఊరివాళ్లెవరో గీసిందే. ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

"మా అటుక మీద ఉండు చెల్లె," అన్నాడు మామ.

"నీ ఇంట్ల పిల్లలున్నరన్నా. నాకోసం వస్తె నీ ఇల్లు గూడ కాలుస్తరు. నేను సొరంగంల పడి నా బిడ్డ కాడికి పోత."

మామ ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "గది యాడికీ పోదు చెల్లె. లోపల గోడ అడ్డమున్నది. గొర్రెపిల్ల, గంట, అంత నేను అల్లిన ముచ్చట."

ఆమె నవ్వింది. "నన్ను ఆపనీకె చెప్తున్నవు."

ఇన్నేళ్లు అంత బాగా చెప్పినవాడు ఒక్కసారి నిజం చెబితే ఎవరు నమ్ముతారు? మామ మనవల మీద ఒట్టు వేశాడు. సరే, చీకటి పడినంక వస్త అంది. రాత్రంతా వాన కొట్టింది. ఆమె రాలేదు.

తెల్లారి చూస్తే కంత లేదు. బురుజు జారి మూసుకుపోయింది. మట్టి పక్కన తడిసిన మలారం పడి ఉంది. ఊరంతా గడ్డపారలు పట్టింది. తీసినకొద్దీ పైనుంచి మట్టి దిగింది. మిగిలిన గోడ కూడా కదిలేసరికి అందరూ ఆగిపోయారు. మామ ఒక్కడే వేళ్లతో గీకుతూ ఉండిపోయాడు. ఆయన్ను తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. ఆ వేళ్లు చూసి అన్నీ మింగి, చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. దోపిడిగాళ్లు మా ఊరికి రానే లేదు.

ఆ తర్వాత మామ కోట ఎక్కలేదు. ఎవరైనా చూస్తామని వస్తే "ఏం లేదు సాబ్, ఉత్త రాళ్లు" అని పంపేసేవాడు.

కొన్నేళ్లకు గాజులామె బిడ్డ వచ్చింది. జరిగిందంతా, మామ వేసిన ఒట్టుతో సహా, ఆమెకు అప్పుడే కబురందింది. ఏడవలేదు. నేనిచ్చిన నీళ్లు తాగి, మామ ముందు కూర్చుంది.

"మామా, గా సొరంగం గోల్కొండల యాడ తేలుతది? కోటల నేను చూడని మూల లేదు. శుక్రారం శుక్రారం పోయి చూస్తున్న."

అబద్ధమంటే మండిపడే నేను, ఆ ఒక్క పూట మామ ఏదో ఒక దర్వాజా పేరు చెబితే బాగుండుననుకున్నాను. మామ తల ఎత్తలేదు.

"పోదు బిడ్డా. గది నేను అల్లిన ముచ్చట."

ఆమె తల్లి నవ్వినట్టే నవ్వి, లేచి చెప్పులు వేసుకుంది.

"అమ్మకు గూడ గట్లనే చెప్పినవట గద మామా," అంది.