మిగిలిన పిండిముద్ద

మా మందిరంలో నెలకోసారి, మొదటి ఆదివారం, యేసు చావుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంటుంది. ఆ బల్లకి రొట్టె నా భార్య చేసేది. శనివారమే ఎండుద్రాక్ష నానబెట్టి, పొద్దున్నే లేచి రసం పిండేది. ఉప్పు కూడా వెయ్యకుండా గోధుమపిండి కలిపి, పెనం మీద పల్చగా కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి నా చేతికిచ్చేది. ఆ రొట్టె సంఘమంతా తినేవాళ్ళం. చేసిన మనిషి మాత్రం తినేది కాదు. పళ్ళెం ఆడవాళ్ళ చాపల మీదుగా వచ్చి, ఆమె ఒడి ముందు నుంచి పక్కావిడ చేతిలోకి వెళ్ళిపోయేది.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. రేకుల షెడ్డే మందిరం, నేనే పాస్టర్ని. మాది స్వతంత్ర బాప్టిస్టు సంఘం. స్వతంత్రం అంటే మా మీద బిషప్పు లేడు, పెద్ద సభలు లేవు. పైన దేవుడు, చేతిలో బైబిలు, ఎదురుగా సంఘం. అంతే. నమ్మినవాళ్ళకే బాప్తిస్మం, అది కూడా నీళ్ళలో నిలువునా మునిగి. అలా మునిగినవాళ్ళకే బల్ల. నాగావళిలో నీరు తగ్గిన వేసవిలో లోతు కోసం వెతుక్కుంటూ ఇసకలో మైలు దూరం నడిచిన రోజులున్నాయి గాని, చెంబుతో సరిపెట్టిన రోజు ఒక్కటీ లేదు.

ఆమె సాలూరు వైపు పిల్ల, వరసకి మా మేనమామ కూతురు. మావయ్య లూథరన్ సంఘంలో ఉపదేశి. పాస్టరు రాని పల్లెల్లో ప్రార్థన చెప్పి, పిల్లలకి వాక్యం నేర్పే మనిషి. కూతురు పుట్టినప్పుడు జబ్బు చేసి నిలవదనుకుంటే, పాస్టరు వచ్చేదాకా ఆగకుండా ఆయనే మూడు దోసిళ్ళు నెత్తిన పోసి బాప్తిస్మం ఇచ్చాడు. పిల్ల బతికింది. మా లెక్కలో అది బాప్తిస్మం కాదు. నమ్మకం తెలియని వయసు, తల తడిసేటన్ని నీళ్ళు. పెళ్ళైన కొత్తలో, ఈ పిల్లకి నాలుగు వచనాలు చూపిస్తే నెల తిరిగేసరికి ఏట్లో దిగుతుందిలే అనుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రచ్చ సంగతేమో గాని, ఇంట్లో మాత్రం నేను ఏనాడూ గెలవలేదు.

నేను ప్రసంగం తయారు చేసుకుంటుంటే ఆమె పక్కన చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చునేది. చెవి మాత్రం నా మీదే.

"ఫిలిప్పీలో పౌలుని కాపలా కాసిన చెరసాల నాయకుడు ఆ రాత్రికి రాత్రే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నాడు కదా బావా. అంతమందిని ఏ నాగావళిలో ముంచాడేటి పౌలు?"

"జైలన్నాక బావి ఉండదా, తొట్టి ఉండదా? అయినా కింద వచనం చూడు. ఇంటివాళ్ళందరూ నమ్మారని ఉంది. ఉయ్యాల్లో పిల్లాడు నమ్ముతాడా?"

"ఉయ్యాల్లో పిల్లాడు ఉన్నాడని నువ్వే ఒప్పుకున్నావు, సూడు."

నాకు ఒళ్ళు మండేది. బైబిలు మూసేసి వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. బజారు చివరిదాకా వెళ్ళేసరికి జవాబు తోచేది. ఆ జవాబు పట్టుకుని గబగబా ఇంటికొచ్చేవాణ్ణి. "బాప్తిస్మం కోసం ఐతియోపీయుడు రథం దిగి నీళ్ళలోకి వెళ్ళాడు. చిలకరించుకోడానికైతే రథంలో తాగే నీళ్ళు చాలవా? దిగడం దేనికి?" ఆమె చేతిలో కాయ పక్కన పెట్టి, "అది బాగుంది. ఆదివారం అది సెప్పు" అనేది. మెచ్చుకునేది గాని మునిగేది కాదు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మా ఇంట్లో అలాంటి కుందేళ్ళు రెండుండేవి.

మాకు పిల్లలు లేరు. ఉంటే ఆ బిడ్డని ఏం చేసేవాళ్ళమో అని ఒకసారి మాటొచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అసలు కారణం ఆమె ఒకసారే చెప్పింది, అది కూడా మావయ్యని పాతిపెట్టి తిరిగొస్తూ, బొబ్బిలి బస్టాండులో. "నాను మళ్ళీ మునిగితే, మా నాన్న పోసినవి ఉత్త నీళ్ళని నా నోటితో నానే సెప్పినట్టు. ఆయన ఏడుస్తూ పోసేడట. నా వల్ల కాదు బావా." దానికి వచనం చూపించి జవాబు చెప్పొచ్చు. నా దగ్గరుంది కూడా. చెప్పలేదు.

మొదటి ఆదివారం ఆమెకి ఇంకో అలవాటుండేది. రొట్టెకి కలిపిన పిండిలో చిన్న ముద్ద ఆపేది. ఆరాధనయ్యాక ఇంటికొచ్చి దాన్ని కాల్చి, సగానికి తుంపి, బెల్లం ముక్క పెట్టి నాకో సగం ఇచ్చేది. "భయపడకండి పాస్టరుగారూ, ఇది బల్ల కాదు, టిఫిను" అనేది. ఇద్దరం వంటింట్లో పీటల మీద కూర్చుని తినేవాళ్ళం. నవ్వుతూనే అనేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. బాప్తిస్మం ఎవర్నీ రక్షించదు, నమ్మకమే రక్షిస్తుందని వారం వారం చెప్పేది నేనే. ఆమె రక్షణ మీద నాకు ఆవగింజంత అనుమానం లేదు. పరలోకంలో నా పక్కన కూర్చోడానికి లేని అడ్డు, నా రేకుల షెడ్డులో ఉంది. అది నన్ను తినేసేది. అయినా చదివిన ప్రతిసారీ వాక్యం నాకు అలాగే కనిపించింది. ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది.

ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. శ్రీకాకుళం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాణ్ణి. రొట్టె చేయడం మాత్రం మానలేదు. ఒక ఆదివారం ఆమె నీరసంగా ఉండి ముందే ఇంటికెళ్ళిపోతే, రైసుమిల్లులో పనిచేస్తూ సంఘం పనులు కూడా చూసే మా పరిచారకుడు లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, వచ్చే నెల అమ్మగారికి కూడా రొట్టె ఇచ్చేద్దామండి. ఎన్నాళ్ళుంటాదో ఏటో ఆ తల్లి. సంఘం కన్నా పైన మనిషెవడూ లేడని మీరే కదా సెప్తారు. సంఘం ఒప్పుకుంటే అయిపోద్ది."

చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఎత్తారు. నేను చెప్పిన సిద్ధాంతమే తాడై నా కాళ్ళకి చుట్టుకుంది. చేతులెత్తితే వాక్యం మారదు. కానీ వాక్యం ఏం చెబుతుందో తేల్చుకోవాల్సింది ఈ సంఘమే, అదీ నేను నేర్పిందే. కాదంటే భార్యకి ముద్ద లేకుండా చేసినవాణ్ణవుతాను. ఔనంటే ఇన్నేళ్ళు చెప్పిన ప్రతి ప్రసంగం అబద్ధమవుతుంది. మింగలేక కక్కలేక, ఆమెతో మాట్లాడి చెబుతానని ప్రార్థన ముగించాను. ఒక్కటి మాత్రం నిజం. ఆమె ఆ రొట్టె తినాలని ఆ షెడ్డులో నా అంత కోరుకున్నవాడు ఇంకెవడూ లేడు.

ఇంటికొచ్చి చెప్పాను. మంచం మీద పడుకునే అంతా విన్నది.

"నువ్వెత్తావేటి చెయ్యి?"

"లేదు."

"మరి నాకెందుకు సెప్తన్నావు?"

"వాళ్ళంతా ఒప్పుకున్నారు."

"జాలితో ఒప్పుకున్నారు, వాక్యం సూసి కాదు. నాను మా నాన్న నీళ్ళు వదల్లేదు, నువ్వు నీ వాక్యం వదల్లేదు. ఇప్పుడు రోగం వచ్చిందని వదిలేస్తే, ఇన్నాళ్ళూ మనం దేనికి దెబ్బలాడుకున్నట్టు?" కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వు నమ్మని రొట్టె నాకు పెట్టకు బావా."

నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. వెంటనే అంతకన్నా పెద్ద బరువెక్కింది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "వాళ్ళకేటి సెప్తావు?" అంది. ఆమే వద్దందని చెబుతానన్నాను. "అదే సెప్పు. నాకు మొండిదని పేరు ఉన్నాదిలే" అని నవ్వింది.

వర్షాలు మొదలవక ముందే ఆమె పోయింది.

ఇప్పుడు ఇంట్లో బైబిలు చదువుకునేది నేనొక్కణ్ణే. ఏం తోచినా అడగడానికి పైన బిషప్పు లేడని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాణ్ణి. వంటింట్లో ఒక మనిషి ఉండబట్టి ఆ గొప్ప చెల్లింది. ఈమధ్య చెరసాల నాయకుడి వాక్యం మీదే ప్రసంగించాను. ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు అన్న చోట నాకు తెలియకుండానే ఆగాను. ఎవరైనా నాగావళి ఏదని అడుగుతారేమోనని చూశాను. అందరూ ఆమేన్ అన్నారు. బయటికొచ్చాక పరిచారకుడు "బాగా సెప్పారండి" అన్నాడు. ఆ మెప్పు నాకు వెగటుగా అనిపించింది.

రొట్టె కూడా నేనే చేస్తున్నాను. సంఘంలో ఆడవాళ్ళు చేస్తామన్నారు, వద్దన్నాను. నా రొట్టె ఒకవైపు మాడుతుంది, ఒకవైపు పచ్చిగా ఉంటుంది. ఎవరూ ఏమనరు. మొన్న మొదటి ఆదివారం పిండి ఎక్కువ కలిపానో, చెయ్యే ఆపిందో గాని, గిన్నెలో ఒక ముద్ద మిగిలింది. మూత పెట్టి మందిరానికి వెళ్ళాను. బల్ల దగ్గర నిలబడి రొట్టె విరిచాను. పళ్ళెం ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. ఇప్పుడు అది ఎవరినీ దాటిపోకుండా సాఫీగా తిరిగి వచ్చేస్తుంది.

ఇంటికొచ్చి ఆ ముద్ద కాల్చాను. రెండు పీటలూ వేశాను. రొట్టె సగానికి తుంపి, బెల్లం పెట్టి, "ఇది బల్ల కాదు, టిఫిను" అన్నాను, పైకే. నా సగం తిన్నాను. ఆమె సగం పళ్ళెంలో ఉంచి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత అది కూడా నేనే తిన్నాను.