వాగు దగ్గరికి రాగానే ఆగిపోయేది

డుంబ్రిగుడలో మా ఇంట్లో చలికాలమంతా వంటగదిలోనే గడిచేది. పొయ్యి అక్కడే ఉంది మరి. బడి నుంచి వచ్చాక నేను పనిచేసుకునే పాత కంప్యూటర్‌ను కూడా అక్కడికే మార్చాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని తన చిన్ననాటి కబుర్లు చెబుతుంటే, మైకు ముందు పెట్టి రికార్డు చేసేదాన్ని. ఎలుగుబంటి ఎదురైన రోజు, పెళ్లిలో తనకు నచ్చని చీర, అన్నీ నవ్వుతూ చెప్పేది.

తన తమ్ముడి సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. కుర్రతనంలోనే ఇల్లు వదిలిపోయాడని, మళ్లీ రాలేదని మాకు తెలుసు. ఒక సాయంత్రం తనే మొదలుపెట్టింది. చింతపల్లి వైపు మిరియాల కోతకు ఇద్దరూ వెళ్లారట. తిరిగివచ్చేటప్పుడు వాగు దగ్గర మాటా మాటా పెరిగిందట.

"అప్పుడు ఆడితో నానేటన్నానంటే..." అంటుండగా తెర నల్లబడింది. సేవ్ చేయలేదు కనుక చెప్పిందంతా పోయింది.

మర్నాడు మళ్లీ మొదటినుంచి చెప్పింది. మళ్లీ వాగు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ఆగిపోయింది. అమ్మ దానివైపు చూసి, "దానికీ కత ఇట్టం లేదే. ఒగ్గెయ్" అంది.

బయట వేళ్లు కొంకర్లు పోయే చలి. అంత చలిలో యంత్రం వేడెక్కుతుందని నాకు తోచనేలేదు. ఆదివారం పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. పక్క మూత విప్పాను. పొయ్యి మసి, నూనె జిడ్డు కలిసి ఫ్యాను రెక్కలకు తారులా పట్టేశాయి. గాలి ఆడే సందు లేదు. బ్రష్షుతో దులిపి, స్పిరిట్టులో ముంచిన దూదితో తుడిచాను. వేడి లాగేందుకు ప్రాసెసర్ మీద రాసే పేస్టు ఎండిపోయి ఉంటే గీకేసి, అరకు నుంచి తెప్పించిన కొత్తది రాసి బిగించాను. బల్లను ముందుగదిలోకి జరిపాను. సాయంత్రందాకా ఆగకుండా నడిచింది.

సంబరంగా అమ్మను పిలిచి నల్లబడిన దూది చూపించాను.

"అడ్డుపడింది ఇదేనమ్మా. ఇప్పుడు చెప్పు, మావయ్యతో ఏమన్నావు?"

"నువ్వు మసి అంతన్నావు. సరిగ్గా ఆ మాటకాడే ఎందుకాగింది మరి?"

"అంతసేపటికి వేడెక్కిపోయేది. అంతే."

అమ్మ దూది పక్కన పెట్టింది. "సెప్పాలని రెండుమాట్లు గుండె కూడగట్టుకున్నాను గుంటా. ఇంక నావల్ల కాదు."

ఆ తర్వాత ఎన్నో చెప్పింది. తమ్ముడి ఊసు మాత్రం రాలేదు. తనే చెబుతుందిలే అని ఎదురుచూశాను. కిందటి వానాకాలం అమ్మ పోయింది.

మొన్న సంతలో అమ్మ పినతల్లి కూతురు కనబడితే, వాగు దగ్గర అమ్మ ఏమందో అడిగాను. "ఏటో మరి. ఆ దినం ఆడితో ఉన్నది మీ అమ్మొక్కర్తే గదా" అంది. రాగుల సంచి ఎత్తుకుని జీపెక్కేసింది. నేను కూరగాయలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.