ఇంజను మీద నాలుగు వేళ్లు

పక్కింటి అక్క గోడ మీంచి పిలిచి, "మా నాన్న ఎల్లిపోనాడే" అంది. నేను కుంపటి ముట్టిస్తున్నాను. చేతిలో బొగ్గు అలాగే ఉండిపోయింది.

బొబ్బిలిలో మా వీధంతటికీ ఆయన ఫైర్‌మన్ తాత. నౌపడా నుంచి నడిచే చిన్న పట్టాల బండిలో ముప్ఫై ఏళ్లు ఇంజనుకు బొగ్గు వేసి, రిటైరయ్యాక కూతురింటికి వచ్చాడు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. పిల్లలు తేరిపార చూస్తే, "ఏటి సూస్తన్నారు? ఇంజను తలుపు దాని వాటా అది తీసుకున్నాది" అనేవాడు. నా కుంపటి పొగ చూస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. గోడ దాటి వచ్చి, "బొగ్గు అలా కుక్కీకు. నిప్పుకీ ఊపిరాడాల" అని సర్ది వెళ్లేవాడు. నాకు ఒళ్లు మండేది, కుంపటి మాత్రం చక్కగా రాజుకునేది.

కిందటేడు వీధివాళ్లమంతా రామతీర్థానికి బస్సు మాట్లాడుకున్నాం. ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆ రోజు అడిగాడు. "కొత్తవలస కాడ డీజిలింజన్లు వచ్చేసినాయి. మా పాతవి కూడా ముక్కలు సేసేస్తారట. నౌపడా దాకా ఓపాలి తీసికెల్లండి. నాదాన్ని సూసేసి వచ్చేద్దాం." కళ్లకు అప్పటికే శుక్లాలు. చూపు పూర్తిగా పోయేలోగా చూసుకోవాలని ఆయన ఆరాటం. ఒక్కరూ కాదనలేదు.

రాముడి దర్శనం చేసుకుని, ఒక పూట సత్రంలో పడుకుని, మర్నాడు నౌపడా చేరాం. ఇంజను దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్తామా అని ఆడవాళ్లు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొచ్చారు. షెడ్డులో మూడు ఇంజన్లున్నాయి. తాత తన ఇంజను నంబరు చెప్పగానే అక్కడి కుర్ర ఫిట్టరు తడబడ్డాడు. రంగు వేయడానికి నంబరు పలక ఒక్కటీ విప్పేసి, నిప్పు వేసి ఉంచిన ఇంజనొకటి చివర ఉంది. "అదే తాతా" అని దాన్ని చూపించాడు.

తాత ఒక్కడే వెళ్లి, మెట్టు పక్కన ఇనుమంతా చేత్తో తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత మావైపు తిరిగి, "పసుపు తెండర్రా" అన్నాడు. నూనెలో కలిపి, ఇంజను ముఖానికి నాలుగు వేళ్లతో పూశాడు. కొబ్బరికాయ కొట్టాం. ఫిట్టరు ఆయన చేత కూత వేయించాడు. ఆడవాళ్లు చెవులు మూసుకుని పడిపడి నవ్వారు. తెచ్చుకున్న పులిహోర షెడ్డువాళ్లతో కలిసి తిన్నాం.

తిరుగు దారిలో తాత నా పక్కన కూర్చుని నెమ్మదిగా, "అది నాది కాదే" అన్నాడు. "నాదానికి మెట్టు కాడ సొట్టున్నాది. కోపమొచ్చి ఓపాలి నానే పార ఇసిరేసినాను."

"మరి ఆ అబద్ధాలకోరును అక్కడే అడగలేకపోయావా?" అన్నాను.

"ఆడు అబద్ధమాడినాడంటే నాది పోయినట్టే గదా. ఆ మాట ఆడి నోటంట రప్పించడమెందుకు? దానికీ ఎవుడో బొగ్గేసే ఉంటాడు. బొట్టెట్టినాం, మంచిదే." అలా అని, బొబ్బిలి వచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు. కోపం తెచ్చుకున్నది నేనొక్కదాన్నే.

తాత పోయిన పన్నెండో రోజున, కబురు విని ఆ ఫిట్టరు వచ్చాడు. భోజనానికి పిలుద్దామని నేను వెళ్తే, లేవకుండా అరుగు మీదే కూర్చున్నాడు. "అమ్మా, ఆ రోజు అబద్ధం సెప్పినాను. ఆయన ఇంజన్ని అంతకు ముందే ముక్కలు సేసేసినారు. ఆ ముసలాయన ముఖం సూసి సెప్పలేకపోనాను."

"ఆయనకు తెలుసు నాయనా" అన్నాను.

"తెలిసేనా, ఎల్లినప్పుడు నా బుగ్గ నిమిరి మరీ ఎల్లినాడు?" అని కళ్లు తుడుచుకున్నాడు. నా కోపం అక్కడితో పోయింది. లోపలికి తీసుకెళ్లి విస్తరి వేశాను.

తింటూ చెప్పాడు. ఇంజన్ని రోజూ తుడుస్తారట, ఆ పసుపు దగ్గర మాత్రం ఎవరూ గుడ్డ పెట్టరట. మసిలో మూడు పొడుగు గీతలు, వాటి పక్కన ఒక పొట్టి గీత ఇంకా అలాగే ఉన్నాయట.