ఉర్దూ అక్షరాల్లో చతుర్థీ విభక్తి

నేను చదువుకున్నదంతా ఉర్దూలో. నైజాం పాలన పోయి బడులు తెలుగులోకి మారాక తెలుగు పంతులునయ్యాను. మాట్లాడమంటే ఎంతైనా మాట్లాడతాను గానీ, తెలుగు అక్షరం చదవాలంటే కూడబలుక్కోవాల్సిందే. పిల్లల ముందు అలా తడుముకుంటే పరువేం మిగులుతుంది? అందుకని తెలుగు పాఠమంతా ఉర్దూ అక్షరాల్లో రాసుకుని, ఆ నోటుబుక్కు చూసి గడగడా చెప్పేవాణ్ణి. బోర్డు మీద రాయాల్సింది మాత్రం పొద్దున్నే వచ్చి పుస్తకంలోంచి దించేసేవాణ్ణి.

సుల్తానాబాద్ బడిలో నా కొలువింకా టెంపరరీ. ఆ రోజు చతుర్థీ విభక్తి చెబుతున్నాను. "కొఱకున్, కై" అని పిల్లలు రాగం తీస్తుండగా, కబురైనా లేకుండా ఇన్‌స్పెక్టరు సారు వచ్చాడు. తిన్నగా బల్ల మీది నోటుబుక్కు తీశాడు. తెలుగు చదవరాని తెలుగు పంతులని ఒక్క ముక్క రాస్తే చాలు, నన్ను ఇంటికి పంపేస్తారు. ఇంట్లో అవ్వ, ఇద్దరు చెల్లెళ్లు నా మీదే బతుకుతున్నారు.

ఆయన నోటుబుక్కును ఉర్దూ పుస్తకంలాగే కుడివైపు నుంచి తెరిచాడు. వరుస మీద వరుస చదివాడు, ఎక్కడా ఆగలేదు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఇది ఇయ్యాల్నే పొయ్యిల వెయ్యి. రేపు నా ఎంబడి కోస్తా దిక్కు పెద్ద సారు వస్తడు. చూసిండంటే నీ నౌకరి పోతది."

"గా బుక్కు లేకుంటె నాకు నోరు లేవది సార్."

"లేవాలె. నాది నేను పోయినేడే కాలవెట్టిన."

ఆ మాటకు నా భయం తగ్గాల్సింది, రెట్టింపయింది. ఇన్‌స్పెక్టరుకే ఇంత భయముంటే నేనెంత!

సాయంత్రం అవ్వ అన్నం వండుతుంటే నోటుబుక్కు పొయ్యిలో పెట్టాను.

మర్నాడు ఇద్దరు సార్లూ పిల్లల వెనక కుర్చీల్లో కూర్చున్నారు. పెద్ద సారు ముందే బోర్డు తుడిపించాడు.

"చతుర్థి ప్రత్యయాలు చెప్పండి మాస్టారూ."

"కొఱకున్" అన్నాను. రెండోది రాలేదు. పిల్లలందరికీ తెలుసు, ఒక్కరూ నోరు మెదపలేదు. అధికారుల ముందు అడగకుండా మాట్లాడితే తోలు తీస్తానని బెదిరించింది నేనే.

దిక్కులేక మా ఇన్‌స్పెక్టరు వైపు చూశాను. ఆయన, పెద్ద సారు తన వైపు తిరుగుతాడేమోనని ఓరగా చూసి, చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు.

"కై" అన్నాను నేను.