ఈఓడీలోపల చెప్తానన్న అమ్మాయి

మా ఆఫీసు భాషలో ఈఓడీ అంటే ఎండ్ ఆఫ్ డే, రోజు ముగిసేలోపల అని. ఎవరి రోజు, ఎక్కడి రోజు అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ ఆ మాట అడ్డూ అదుపూ లేకుండా వాడేవాణ్ణి. అది నా పెళ్ళి మీదికి వచ్చాక గానీ దాని ఘనత తెలిసిరాలేదు.

ఒక ఆదివారం బెంగళూరు కుందలహళ్ళిలో చిన్న హోటల్లో ఆ అమ్మాయిని కలిశాను. పెద్దవాళ్ళు చూసిన సంబంధమే. కాఫీ అయ్యేసరికి నాకైతే ఆమె తెగ నచ్చేసింది. ఆమె మాత్రం బ్యాగు భుజాన వేసుకుని, "రేపు ఈఓడీలోపల చెప్తానండీ" అని వెళ్ళిపోయింది.

సోమవారం హొసకోటెలో మా ఇంటి నుంచే పని. పని ఎక్కడ సాగింది! మా నాన్నకు బట్టల కొట్టు. భోజనానికి వచ్చి, "ఆ ఈఓడీ ఎన్ని గంటలకుండాదప్పా?" అన్నాడు. మామూలుగా ఆరింటికి, అమెరికా వాళ్ళతో పనైతే పడుకునేదాకా అన్నాను.

"ఇదేం లెక్కప్పా? మాకు షట్టర్ దించితే రోజైపాయ. నువ్వే అడిగెయ్" అని వెళ్ళాడు.

నాకూ ఆగలేదు. ఎవరైనా ఈఓడీ అన్నారంటే, నాలుగింటికల్లా 'ఏమైనా అప్‌డేట్ ఉందా?' అని కదిలించి చూడటం మా ఆఫీసుల ఆచారం. ఆమెకూ అదే టైపు చేశాను. పంపబోతుంటే వెనక నుంచి మా అవ్వ ఫోను లాక్కుంది.

"చెప్తానన్నాది కదరా! ఆలోచించుకోనీ ఆ బిడ్డను."

ఫోను బియ్యం డబ్బాలో వేసి, పక్కనే కూచుని అనపకాయలు ఒలవసాగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వతో కుస్తీ పట్టలేను కదా!

దీపాలు పెట్టే వేళకు బియ్యం డబ్బా మోగింది. అవ్వ బియ్యపు గింజలు దులిపి ఫోను నా చేతికిచ్చింది.

"నాకిష్టమే" అంది ఆ అమ్మాయి. "మధ్యాహ్నమే చెబుదామనుకున్నాను. మీరు అప్‌డేట్ అడుగుతారేమో చూద్దామని ఆగాను. ఆఫీసులో పొద్దస్తమానం అడిగేవాళ్ళే. ఇంట్లో కూడా అలాంటి మనిషైతే నావల్ల కాదండీ."

ఊరుకుంటే సరిపోయేది. కానీ జీవితమంతా కలిసి ఉండాల్సిన మనిషి, మొదటి రోజే దాపరికమా? నేను టైపు చేసింది, అవ్వ లాక్కున్నది, బియ్యం డబ్బా, అన్నీ చెప్పేశాను.

ఆమె పడీపడీ నవ్వింది.

"మీ సంగతి తర్వాత చూస్తాను. ముందు ఫోను అవ్వకివ్వండి."

నా పెళ్ళి వాళ్ళిద్దరే మాట్లాడుకుని ఖాయం చేశారు.