పెట్టుకొని రోడ్డు దాటి రా

నిన్న ఆబిడ్స్‌లో కళ్ల పరీక్షకు కూర్చున్నప్పుడు, పరీక్ష చేసే అమ్మాయి నా ముక్కు మీద ఒక గుండ్రటి ఇనుప ఫ్రేము పెట్టింది. అద్దాలు ఒకటొకటిగా మార్చి చూసే ట్రయల్ ఫ్రేము అది. దాని చల్లదనం ముక్కుదూలానికి తగిలి, బరువు చెవుల వెనక సర్దుకోగానే, ఎదురుగా ఉన్న అక్షరాలు కనబడటం మాట అటుంచి, పాత గొంతు ఒకటి వినబడింది. “గట్లనే కూసుంటె ఏం తెలుస్తది? పెట్టుకొని రోడ్డు దాటి రా, పో.” పక్కనే నా మనవరాలు శ్రావణి ఫోనులో రెండు ఫ్లాట్ల ఫొటోలు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ మొదటి ఇల్లు కొనబోతున్నారు. “తాతా, చిన్నదైతే కిస్తు నిమ్మళంగ కట్టుకోవచ్చు. పెద్దదైతే లోన్ జర గట్టిగ గుంజాలె. నువ్వు ఖైరతాబాద్ ఇల్లు కొన్నప్పుడు ఎట్ల డిసైడ్ చేసినవ్?” అని అడిగింది. అదంతా నా తెలివేనని చెబుదామని నోరు తెరిచాను. ముక్కు మీద ఆ ఫ్రేము ఉండగా అబద్ధం రాలేదు.

ఆ గొంతు శాంతమ్మ మేడంది. నేను చాలా ఏళ్లు పనిచేసిన కళ్లద్దాల దుకాణానికి ఆమె యజమానురాలు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం, తండ్రి మిషన్ దవాఖానలో కాంపౌండరు. ఎప్పుడూ తెల్లచీర, మెడలో గొలుసుకు వేలాడే అద్దాలు. మా దుకాణం ఆబిడ్స్ మొత్తానికి పెద్దదనీ, మంత్రులు సైతం వరుసలో నిలబడేవారనీ నేను మనవలకు చెబుతుంటాను. ఇద్దరు లావుపాటి గిరాకీలు ఒకేసారి వస్తే ఒకరు మెట్ల మీద ఆగవలసి వచ్చేదన్నది మాత్రం నిజం. మంత్రి రాలేదు. మంత్రి దగ్గర పనిచేసే డ్రైవరు వచ్చాడు. మంత్రి డ్రైవరునని ఆ మనిషే చెప్పుకున్నాడు, నేను కనుక్కోలేదు.

ఏ దుకాణంలోనైనా ఫ్రేము పెట్టి, అద్దం చూపించి, ‘రాజాలా ఉన్నారు’ అంటారు. నేనూ ఆ మాట అనడానికే ఉద్యోగంలో చేరాననుకున్నాను. మేడం మాత్రం గోడ మీది అద్దాన్ని నమ్మేది కాదు. ఒకసారి లక్డీకాపూల్ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి బంగారు రంగు ఫ్రేము పెట్టుకొని మురిసిపోతున్నాడు. “అద్దంల జూస్తె అందరికి మంచిగనే ఉంటది సారూ. పెట్టుకొని రోడ్డు దాటి రాండ్రి. అవుతల బండి కాడ ఒక మిర్చిబజ్జీ తినుండ్రి. కిందికి జూస్కుంట తినాలె,” అంది. కాసేపటికి ఆయన ఫ్రేము చేతిలో పట్టుకొని వచ్చాడు. చట్నీలో పడిందట. మామూలుది తీసుకొని పోయాడు. అప్పుడు నేను, ఈమెకు పొదుపు పిచ్చి అనుకున్నాను. మరి కొన్నాళ్లకు ఒక బడిపంతులమ్మ వచ్చి అన్నిటికంటే చవకది కావాలంది. అది పెట్టుకొని రోడ్డు దాటి వచ్చి, బాగానే ఉందని కూడా అంది. మేడం ఆమె ముక్కు మీద పడిన ఎర్రటి గుర్తును చూసింది. “పొద్దుందాక కాపీలు దిద్దేదానివి టీచరమ్మా. ఇది నీకు గుంట పెడ్తది. జర ఎక్కువైనా తేలికది తీస్కో.” ఆమె వెళ్లాక, ఇదేం న్యాయం మేడం అన్నాను. “గుంజితె పైస పోతది, గుంజకుంటె రోజు పోతది. ఏది పోతె నొస్తదో పెట్టుకున్నోల్లకే తెలుస్తది నర్సింలూ,” అని చిన్న స్క్రూడ్రైవరు తీసి ఒక ఫ్రేము స్క్రూ బిగించసాగింది.

పెళ్లయిన కొత్తలో నేనూ లక్ష్మీ నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. నీళ్లు పట్టుకునే నల్ల వాకిట్లో ఉండేది, అందరికీ కలిపి ఒకటే. మా ఇద్దరికీ సొంత ఇంటి మీద మనసు పడ్డ రోజుల్లో రెండు ఇళ్లు కంటబడ్డాయి. ఒకటి అదే గల్లీ చివర రేకుల ఇల్లు, రెండు గదులు, నల్ల మళ్లీ ఉమ్మడిదే. మా దగ్గరున్నదానికి కాస్త అప్పు కలిపితే చాలు. రెండోది ఖైరతాబాద్ లోపలి బస్తీలో స్లాబు ఇల్లు. సొంత నల్ల, మిద్దె మీదికి మెట్లు. దానికి జీతంలో సగం దాకా కిస్తుకే పోతుంది. ఆ మెట్లు చూసి నాకు మతి పోయింది. దుకాణంలో అందరికీ బంగళా కొంటున్నానని చెప్పాను. మిద్దె మీద నిలబడితే ఖైరతాబాద్ గణపతి మన ఎదుటికొచ్చి నిలబడ్డట్టే ఉంటాడని, హారతి ఇంట్లోంచే కళ్లకద్దుకోవచ్చని చెప్పాను. నిజానికి మునివేళ్ల మీద లేస్తే పందిరి కొన కనబడేది. అదీ ఎదురింటివాళ్లు చీరలు ఆరేయని రోజున.

మేడం విన్నది. “ఏంది నర్సింలూ, బంగ్ల కొనబట్టినవట.”

“ఇంక ఖరారు కాలే మేడం. కిస్తు జర ఎక్కువైతది. మనసేమో గాడికే గుంజుతున్నది.”

“పెట్టుకొని చూసినవా?”

“ఇంటిని ఎట్ల పెట్టుకుంట మేడం?”

“కిస్తును పెట్టుకో. ఈ నెల సంది గా ఇల్లు కొన్నట్టే బతుకు. జీతం దినం కిస్తు పైసలు నాకియ్యి, బ్యాంకోల్లకు ఇచ్చినట్టు. ఎండకాలం దాటనియ్యి. బిగుసుకుంటె ఇప్పేయి, నీ పైసలు నీకిస్త.”

ఇల్లు అమ్మే ఆయన కూతురి పరీక్షలయ్యాకే ఖాళీ చేస్తానన్నాడు కాబట్టి ఆగడానికి అడ్డేమీ లేకపోయింది. ఆ నెలలన్నీ నేను మునిలా గడిపానని మా బంధువుల పెళ్లిళ్లలో చాలాసార్లు చెప్పాను. ముని వారం రోజులున్నాడు. దుకాణం పక్కనే ఇరానీ హోటలు. పొద్దున దాని ముందు నుంచి పోతుంటే చాయ్ వాసన కాలరు పట్టుకొని లాగేది. రెండో వారం నుంచి అక్కడ ఖాతా పెట్టాను. అయినా ఇంట్లో మాత్రం త్యాగమంతా నాదే అన్నట్టు మొహం వేలాడేసుకునేవాణ్ని. ఆదివారం మటన్ లేదని, సుల్తాన్ బజార్ షికారు లేదని, పప్పులో ఉప్పు తక్కువైందని లక్ష్మి మీద విసుక్కున్నాను. ఎండలు ముదిరేసరికి ఇల్లు నాకు ముక్కు మీద గుంట పెట్టిందని తేల్చుకున్నాను. అయితే ఓడిపోయానని చెప్పడం నాకు చేతకాదు. అందుకని మేడం దగ్గర జ్ఞానిలా నిలబడ్డాను.

“బాగ ఆలోచన చేసిన మేడం. దుప్పటి ఉన్నంతనే కాళ్లు చాపాలె. నాంపల్లిదే తీసుకుంట.”

“లక్ష్మి ఏమన్నది?”

“నేనేదంటె దానికి గదే మేడం.”

ఆమె అద్దాలు తీసి నా వైపు చూసింది. అద్దాలు లేకుండా ఆమెకు నేను సరిగ్గా కనబడనని తెలుసు, అయినా తల దించుకున్నాను. “గా ఇంట్ల పొద్దుందాక ఉండేది ఎవరు?”

“లక్ష్మి.”

“కండ్లు ఒకరియి, పెట్టుకొని రోడ్డు దాటింది ఇంకొకరు. గిదేనా నా కాడ నువ్వు నేర్చుకున్న పని? రేపు లక్ష్మిని తోల్కరా.”

మరునాడు లక్ష్మి వచ్చింది. మేడం ఆమెను గిరాకీలు కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టి, ఈ నెలలు ఎట్లా గడిచాయని అడిగింది. లక్ష్మి నావైపు చూడకుండా ఆమెకే చెప్పింది. “ఈయనకు చాయ్ లేక పానం పోయినట్టున్నదమ్మా. నాకు మంచిగనే ఉన్నది. మటన్ లేకుంటె పప్పుల చింతకాయ జర ఎక్కువేసిన.”

“ఖైరతాబాద్ ఇల్లు చూసినవా బిడ్డా?”

“చూసిన. ఈయనతోని గాదు, ఒక్కదాన్నే పోయిన. బిందె పట్టుకొని పోయిన.”

బిందె ఎందుకే అన్నాను.

“నువ్వే గద రోజు చెప్తవు, మేడం గట్లన్నది, పెట్టుకొని చూడమన్నది అని. గా ఇల్లామెను అడిగి నల్ల తిప్పిన. బిందె నింపి, లోపల పొయ్యి పక్కన పెట్టిన. లైను లేదు, కొట్లాట లేదు. గంతే. గాడ నిలబడి నాకు నవ్వొచ్చిందమ్మా. గా ఇల్లామె గూడ నవ్వింది, పిచ్చిదనుకున్నదేమో.”

“మరి మిద్దె? మెట్లు?” అన్నాను నేను.

“మిద్దె నేను చూడలే,” అంది లక్ష్మి. తర్వాత మేడం వైపు తిరిగి, “పొద్దున్నే గా ఉమ్మడి నల్ల కాడ ఒకల్లతోని ఒకల్లం తిట్టుకునుడు ఇంక నాతోని కాదమ్మా. ఈయన చాయ్ కోసం నేను బతుకంత గాడ నిలబడాల్నా, మీరే చెప్పుండ్రి,” అంది.

మేడం నన్ను చూసి, “ఇగ నువ్వు చెప్పు,” అంది. ఆ క్షణంలో నేను గుండె మీద చెయ్యి వేసుకొని, ‘లక్ష్మీ, నీ సుఖం కంటే నాకేం కావాలి’ అన్నానని మా పిల్లలకు చెప్పాను. నేనన్నది వేరు. “వారానికి ఒక్క చాయ్?” అన్నాను. లక్ష్మి వేళ్ల మీద లెక్క చూసుకుంది. “రెండు,” అంది.

ఖైరతాబాద్ ఇంటి రిజిస్ట్రేషన్ నాడు మేడం నా పైసలను కళ్లద్దాల డబ్బాలో పెట్టి ఇచ్చింది. గృహప్రవేశానికి వచ్చింది. మా అత్త పాలు పొంగించాక, మేడం ఒక మూల నిలబడి కళ్లు మూసుకొని చిన్న ప్రార్థన చేసింది. తర్వాత నేరుగా వంటింట్లోకి పోయి నల్ల తిప్పి, వేళ్లు తడిపి చూసింది. మిద్దె చూద్దురు రమ్మని నేను వెంటపడితే, “మిద్దె ఏడికి పోతది, ముందు పులిహోర పెట్టు,” అంది. తింటుండగా అడిగాను, దుకాణం మీది కిరాయి వాటాలోనే ఉంటారు, మీరెందుకు ఇల్లు కొనలేదని. “మారేడుపల్లిల ఒకటి పెట్టుకొని చూసిన. నెల దినాలు ఉన్న. సప్పుడే లేదు. చెవుల ఎనక నొచ్చింది, ఇప్పేసిన,” అంది. ఆమె గొంతులో లోటేమీ లేదు. కింద ఆబిడ్స్ బస్సుల మోత లేకపోతే ఆమెకు నిద్ర పట్టేది కాదు. చివరిదాకా ఆ వాటాలోనే, ఆ మోతలోనే హాయిగా బతికింది.

మాకు మాత్రం కిస్తు చాలా ఏళ్లు చెవుల వెనక నొక్కింది. నొక్కలేదంటే అబద్ధం. ఖైరతాబాద్ నుంచి ఆబిడ్స్‌కు రోజూ నడిచే వచ్చేవాణ్నని చెబుతాను. లక్డీకాపూల్ దాకా నడిచిన మాట నిజం, అక్కడి నుంచి బస్సు. అయినా పొద్దున నేను ఇంకా పక్క మీద ఉండగానే వంటింట్లో నల్ల తిప్పిన చప్పుడు, దాని వెనకే లక్ష్మి కూనిరాగం వినబడేవి. నాంపల్లి గదిలో ఆమె పాడగా నేనెప్పుడూ వినలేదు. ఈ రోజు పొద్దున కూడా విన్నాను. రాగం మాత్రం ఇన్నేళ్లలో ఏమీ బాగుపడలేదు.

ఇదంతా శ్రావణికి ఆ కుర్చీలోంచే చెప్పాను. పరీక్ష చేసే అమ్మాయి కూడా పని ఆపి విన్నది. “అయితే పెద్దదే తీసుకోమంటవా తాతా?” అంది శ్రావణి.

“నాకేం తెలుసు? ఈ నెల సంది కిస్తు పైసలు పక్కకు పెట్టుండ్రి. సోమవారం పొద్దున గా ఫ్లాట్ కాడ నిలబడి, గాడి నుంచి ఆఫీసుకు పోయి రాండ్రి. నువ్వొకసారి, మీ ఆయనొకసారి. ఒకరి కండ్లకు ఇంకొకరు పోవద్దు.”

“పైసలు నీకియ్యాల్నా?”

“నాకియ్యకు. ఇరానీ హోటలు ఇంక ఆడనే ఉన్నది.”

ఆమె నవ్వి ఫోను సంచిలో పెట్టుకుంది. నేను ఇనుప ఫ్రేముతోనే కుర్చీలోంచి లేచాను. అమ్మాయి, “సార్, అది పెట్టుకొని బయటికి పోవద్దు,” అంటూనే ఉంది. శ్రావణి చెయ్యి పట్టుకొని రోడ్డు దాటాను. మా దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. పైన వాటా కిటికీ తెరిచే ఉంది, ఎవరిదో తువ్వాలు ఆరుతోంది. దూరంగా వస్తున్న బస్సు బోర్డు మీద ‘ఖైరతాబాద్’ అన్న అక్షరాలు ముత్యాల్లా చదివేశాను. శ్రావణి ముందే పైకి చదివిందనుకోండి. తువ్వాలు మాత్రం నేనే చూశాను. ఆ అద్దాలే తీసుకుంటాను.